నాలుగు మెట్లు

బరంపురంలో మా అమ్మ పింఛను బ్యాంకుకి నాలుగే మెట్లు. పట్టుకోడానికి కడ్డీ లేదు, ర్యాంపూ లేదు. నవంబరు వస్తే, బతికే ఉన్నానని చెప్పుకోడానికి అవి ఎక్కాలి. మొన్న రెండో మెట్టు మీద మోకాలు పట్టేసి, నా భుజం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తీరా లోపలికెళ్తే వేలిముద్ర పడదు. ఏళ్ల తరబడి అంట్లు తోమిన వేళ్లు, గీతలు అరిగిపోయాయి. "గట్టిగా నొక్కు మావుసీ" అని ఒడియాలో విసుక్కుంటారు.

2024 ఎన్నికల్లో 85 దాటినవాళ్లు అడిగితే ఇంటికొచ్చి ఓటు వేయించుకున్నారు. ఎంత మంచి పని! మరి ఈ మెట్లకి ర్యాంపు కట్టలేరా? వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చిందే!

అమ్మ వెనకే కాలికి కట్టుతో ఒక కుర్రాడు, నెలలు నిండిన ఒకావిడ కూడా కింద ఆగిపోయారు.