ఎన్నిసార్లు రుజువు చూపించాలి?

సర్కారు దవాఖాన ఓపీ దగ్గర జరిగేదే చెబుతున్నాం. చీర కట్టుకుని, జడ వేసుకుని ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ బెంచీ మీద కూర్చుని ఉంటుంది. కిటికీ దగ్గరివాళ్లు చీటీ చూసి గట్టిగా పిలుస్తారు, ఆధార్‌లో ఉన్న పాత మగపేరుతో. ఆమె లేవగానే లైనంతా తల తిప్పి చూస్తుంది. ఆ తర్వాత మగ వార్డా, ఆడ వార్డా అన్న చర్చ, అదీ ఆమె ముందే, నవ్వుకుంటూ. ఇలా రెండుసార్లు జరిగితే మూడోసారి ఒళ్లు కాలిపోతున్నా మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కుంటుంది తప్ప ఆ గడప తొక్కదు.

ట్రాన్స్‌జెండర్లలో డిప్రెషన్ ఎక్కువ అనగానే ‘వాళ్ల మనసులోనే ఏదో తేడా ఉంది’ అనేస్తారు. ఆ మాట తప్పు. 2019లో ఆమోదించిన ఐసీడీ-11 అనే అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ట్రాన్స్‌జెండర్‌గా ఉండటాన్ని మానసిక రుగ్మతల జాబితా నుంచి తీసేసింది. ‘ట్రాన్స్‌జెండర్‌గా లేకుండా మార్చేస్తాం’ అంటూ వైద్యం చేయడం వృత్తిపరమైన తప్పని జాతీయ వైద్య కమిషన్ 2022లో తేల్చింది. టెన్షన్ పెడుతున్నది మనమే, నువ్వెవరో రుజువు చెయ్యి అని ప్రతి కౌంటర్ దగ్గరా నిలబెట్టి అడుగుతూ.

ఎవరి జెండర్ వాళ్లే చెప్పుకోవచ్చు, ఆపరేషన్ కోసం పట్టుబట్టకూడదు అని 2014 ఏప్రిల్ 15న జాతీయ న్యాయసేవల సంస్థ (నల్సా) కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఐదేళ్లకు పార్లమెంటు చేసిన చట్టం ఏమంది? కలెక్టర్ సర్టిఫికెట్ తెచ్చుకోమంది, ఆడ అనో మగ అనో మార్పించుకోవాలంటే సర్జరీ అయినట్టు ఆసుపత్రి సూపరింటెండెంట్ కాగితం కూడా పట్టుకురమ్మంది. పేరుకు అది హక్కుల రక్షణ చట్టం. అందులోనే ట్రాన్స్‌జెండర్ మీద లైంగిక దాడికి గరిష్ఠ శిక్ష రెండేళ్లు, అదే మహిళపై అత్యాచారానికి కనీస శిక్షే పదేళ్లు. కాగితాలు అడిగేటప్పుడు ఉన్న పట్టుదల కాపాడేటప్పుడు ఏమైపోయింది?

తనిఖీ లేకపోతే ట్రాన్స్‌జెండర్ల పింఛన్లకు దొంగ దరఖాస్తులు వస్తాయని అధికారులంటారు. ఒకటీ అరా రావచ్చు. కానీ అద్దెకు ఇల్లు దొరకని, కన్నవాళ్లే గుమ్మం మూసేసే బతుకును పింఛను కోసం కోరి ఎవరు నెత్తికెత్తుకుంటారు?

నిజాం కాలంలో 1919లో ఒక చట్టం ఉండేది. పోలీసు రిజిస్టరులోకి ఎక్కిన హిజ్రా ఆడ బట్టల్లో వీధిలో కనబడితే వారంటు లేకుండా పట్టుకుపోవచ్చు. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జులైలో! స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఇన్ని ప్రభుత్వాలు మారాయి, ఒక్కటీ దాన్ని రద్దు చేయలేదు. కొత్త దుకాణం తెరిస్తే వాళ్లను పిలిచి దిష్టి తీయించుకుంటాం, అదే దుకాణంలో ఉద్యోగమడిగితే కార్డు చూపించమంటాం.

సూపరింటెండెంట్ గార్లూ, ‘మిమ్మల్ని ఏ పేరుతో పిలవమంటారు?’ అని అడగమని ఓపీ కిటికీ దగ్గరివాళ్లకు చెప్పడానికి ఏ జీవో రావాలి, ఏ బడ్జెట్ కావాలి? రేపు పొద్దున ఓపీ తెరిచేలోపు చెప్పొచ్చు. ఇన్నేళ్లుగా ఎందుకు చెప్పలేదు?