"ఆడంగి వాళ్ళ వల్లే మన పరువు పోతోంది": ఆ ఫార్వర్డ్‌కి నా జవాబు

విజయనగరం, శ్రీకాకుళం గే కుర్రాళ్ళ ఫోన్లలో కొన్నాళ్ళుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. రాసినవాడూ మనవాడే. సారాంశం ఇది: "మనిషిని చూడగానే ఎవడు కోతీనో ఎవడు పంతీనో తెలిసిపోతుంది. చేతులు తిప్పుకుంటూ నడిచే ఆడంగి వాళ్ళ వల్లే మన పరువు పోతోంది. పంతీ అసలు గే కాదు, మగాడే. పెళ్ళయితే మామూలైపోతాడు. ఏ జంటలోనైనా ఒకడు మొగుడు, ఒకడు పెళ్ళాం." నాకు దీన్ని పంపినవాళ్ళలో ఇద్దరు దగ్గరి స్నేహితులు. ఊరుకోలేక రాస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం: మెత్తగా, ఆడవాళ్ళ తీరుతో ఉండేవాణ్ణి కోతీ అంటారు. మగటిమిగా ఉండి పడకలో మగవాడి పాత్ర తీసుకునేవాడు పంతీ. రెండూ అయినవాడు డబుల్ డెక్కర్. ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమాల కాగితాల్లోకి కూడా ఈ పేర్లు ఎక్కాయి. పంతీ అన్న పేరు కోతీలు పెట్టింది. ఆ పేరున్న మగవాళ్ళలో చాలామందికి తమనలా పిలుస్తారనే తెలియదు.

చూడగానే తెలిసిపోతుందట. మా అమ్మమ్మగారి ఊళ్ళో తూర్పు భాగవతం ఆడితే సత్యభామ వేషం కట్టేది మగవాడే. మద్దెల దెబ్బకి నేల అదిరేలా అడుగు వేసేవాడు. జడ ముందుకు తెచ్చుకుని పట్టుకునే తీరు చూసి ఆడవాళ్ళే ముచ్చటపడేవారు. తెల్లారి చూస్తే చెవుల వెనక రంగు ఇంకా పోలేదు, భుజాన నాగలితో పొలానికి వెళ్తున్నాడు. భార్యా ఇద్దరు పిల్లలూ ఉన్న మనిషి. ఇటు నాకు తెలిసిన గే మనుషుల్లో లారీ తోలేవాడున్నాడు, జూట్ మిల్లులో షిఫ్టులు చేసినవాడున్నాడు, కబడ్డీలో మోకాలు పాడుచేసుకున్నవాడున్నాడు. వాళ్ళను చూసి పోల్చుకున్నవాడు లేడు. నడక సంగతి అలా ఉంచండి. 1957లో ఎవెలిన్ హుకర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 30 మంది గే పురుషులకూ 30 మంది ఇతర పురుషులకూ మానసిక పరీక్షలు చేసి, ఫలితాలను పేర్లు లేకుండా నిపుణుల ముందు పెట్టింది. ఎవరు ఎవరో వాళ్ళు తేల్చలేకపోయారు. ఆ మెసేజ్ రాసినవాడు మాత్రం విజయనగరం గంటస్తంభం దగ్గర నిలబడి తేల్చేస్తానంటున్నాడు.

బలం అంటే మగతనం అనుకునేవాళ్ళకు ఇంకొకటి. మన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట ఆడపిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి ఒలింపిక్ కాంస్యం తెచ్చింది.

ఇక పరువు సంగతి. ఈ మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది, ఎందుకంటే ఒకప్పుడు నేనూ ఇలాగే అనుకున్నాను. విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒక సాయంత్రం స్నేహితుడితో నడుస్తున్నాను. వాడి చేతులు, వాడి నవ్వు దాగేవి కావు. టీ కొట్టు దగ్గరున్న కుర్రాళ్ళు ఈల వేశారు. "ఏటిరా గుంటడా, ఎక్కడికెల్తన్నావు?" అని ఒకడు దీర్ఘం తీశాడు. నేను గబగబా నాలుగడుగులు ముందుకెళ్ళిపోయాను, వాడికీ నాకూ సంబంధం లేనట్టు. వాడు ఒక్కడే ఆ కొట్టు దాటి వచ్చాడు. నన్నేమీ అనలేదు. ఆ నాలుగడుగులు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. నా పరువు ఆ సాయంత్రం పోలేదు, నిజమే. వాడొక్కడే అవమానం మోశాడు కాబట్టి పోలేదు.

దెబ్బలు ఎప్పుడూ ముందు పడేది దాక్కోలేనివాళ్ళ మీదే. హైదరాబాద్ సంస్థానంలో 1919లో వచ్చిన చట్టం చూడండి. ఆడవేషంలో బయట కనిపించిన హిజ్రాలను వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చని రాసుకుంది. 2023లో తెలంగాణ హైకోర్టు కొట్టేసేదాకా అది పుస్తకాల్లో ఉంది. మీసం మెలేసి తిరిగే గే మనిషి జోలికి ఆ చట్టం రాలేదు. సుప్రీంకోర్టులో ముందు గెలిచిందీ ఆ దాక్కోలేనివాళ్ళే. ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద సుప్రీంకోర్టు తీర్పు 2014 ఏప్రిల్ 15న వచ్చింది, మగవాళ్ళ మధ్య సంబంధాన్ని నేరంగా చూసిన సెక్షన్ 377 మీద తీర్పు 2018 సెప్టెంబర్ 6న. ఆ రెండో తీర్పు ఎవరి పేరున ఉంది? నవతేజ్ సింగ్ జోహార్, భరతనాట్య కళాకారుడు. మగవాడు గజ్జె కడితే నవ్వే మనుషులం, ఈరోజు కేసు భయం లేకుండా తిరుగుతున్నామంటే ఆ కేసు పుణ్యమే.

మెత్తనివాళ్ళు నాకు నచ్చరు అంటే అది నీ ఇష్టం, ఎవరూ కాదనరు. డేటింగ్ యాప్‌లో పేరు కన్నా ముందు "ఆడంగులు మెసేజ్ చేయొద్దు" అని రాసుకోవడం మాత్రం ఇష్టం కాదు, ఏవగింపు. స్కూల్లో మనల్ని ఏ మాటతో ఏడిపించారో అదే మాట అది.

పంతీ గే కాదన్న మాట వల్ల మనుషుల ప్రాణాలకే ముప్పు. నేను మగాణ్ణి, నాకేం జబ్బు రాదు అనుకుని కండోమ్ లేకుండా పోయి, పరీక్షకు రానివాళ్ళు ఉన్నారు. హెచ్‌ఐవీ పేరు చూసి అంటదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఐసీటీసీ అనే హెచ్‌ఐవీ సలహా, పరీక్ష కేంద్రాల్లో పరీక్ష ఉచితం. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం నీ అంగీకారం లేకుండా పరీక్ష చేయకూడదు, వివరాలు బయటపెట్టకూడదు. సందేహముంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చెయ్యి.

పెళ్ళి చేస్తే మామూలవుతాడన్నది అంతకంటే ఘోరం. గే కావడం జబ్బు కాదని భారత సైకియాట్రిక్ సొసైటీ 2018లోనే చెప్పింది. మారుస్తామంటూ వైద్యం చేయడం వృత్తిపరమైన తప్పిదమని 2022లో జాతీయ వైద్య కమిషన్ ప్రకటించింది. డాక్టర్లు చేయలేని పని, ఏమీ చెప్పకుండా తెచ్చిన ఇరవై రెండేళ్ళ అమ్మాయి చేస్తుందా? మొగుడు తనవైపు ఎందుకు తిరిగి పడుకోడో తెలియక, తప్పు తనదేనేమో అని అద్దం ముందు ఏడ్చే పిల్ల గురించి ఆ మెసేజ్‌లో ఒక్క అక్షరం లేదు. ఇంట్లో ఒత్తిడి ఎంత ఉంటుందో నాకు తెలుసు, మా అమ్మా ఏడ్చింది. అయినా ఆ అమ్మాయిని బలిచ్చే హక్కు మనకు లేదు.

చివరిది, మొగుడూ పెళ్ళాం. శ్రీకాకుళంలో నాకు తెలిసిన ఇద్దరు ఏడేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. మొదటిసారి వెళ్ళినప్పుడు నేనూ ఆ వెధవ ప్రశ్నే అడిగాను, మీలో ఎవరు ఎవరని. పెద్దాయన చేప పొలుసు తీస్తున్నాడు. చిన్నవాడికి నీచు వాసన పడదట, గుమ్మం దగ్గర కూర్చుని ఉల్లిపాయలు కోస్తున్నాడు. "పొద్దున ఎవడు ముందు లేస్తే వాడు పాలు కాస్తాడు తమ్ముడూ" అని పెద్దాయన మళ్ళీ చేప మీదకి వంగాడు.