డిజిటల్ ట్విన్ వస్తే టమాటా కుళ్లదా?

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వారంగా ఒకటే మెసేజ్: "నగరానికి డిజిటల్ ట్విన్ చేస్తే చాలు, కూరగాయలు కుళ్లవు, లారీలు ఖాళీగా తిరగవు. సింగపూర్ చేసి చూపించింది. అమరావతిలో 2018లోనే మొదలైంది." ఊరికి కంప్యూటర్లో ఒక కవలను కట్టి, ఊళ్లో జరిగేదంతా ఎప్పటికప్పుడు అందులో చూసుకోవడమే ఆ టెక్నాలజీ. దాంతో నాకు పేచీ లేదు. పేచీ ఈ మెసేజ్‌తోనే.

2014 డిసెంబరులో 7.3 కోట్ల సింగపూర్ డాలర్లతో ప్రకటించిన 'వర్చువల్ సింగపూర్' ప్రధానంగా నేలకూ భవనాలకూ త్రీడీ నమూనా. ఏ డాబా మీద సోలార్ ప్యానెళ్లు పెడితే లాభమో చూసుకోవచ్చు. కూరగాయల లారీల కోసం కట్టింది కాదది.

అమరావతికి పుట్టుకతోనే డిజిటల్ ట్విన్ ఉంటుందని 2018లో షికాగో కంపెనీ సిటీజెనిత్ ప్రకటించిన మాట నిజమే. మరుసటేడు ప్రభుత్వం మారింది, రాజధాని పనులు ఆగాయి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఇక కుళ్లడం. అసలు మెలిక ఇక్కడుంది. కవల బతికేది డేటా మీద. హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్‌కు తెల్లారకముందే వచ్చే టమాటా లారీని తీసుకోండి. టోల్‌గేట్లో ఫాస్టాగ్ బండిని పట్టుకుంటుంది, లోపలేముందో దానికి తెలీదు. తాజా కూరగాయలకు జీఎస్టీ లేదు కాబట్టి సరుకు రవాణాకు ఆన్‌లైన్లో తీసే ఈ-వే బిల్లూ అక్కర్లేదు. దించిన ట్రేలు కమీషన్ ఏజెంటు చీటీలోకెక్కి, ట్రాలీ ఆటోల్లో, తోపుడు బళ్ల మీద చెదిరిపోతాయి. అడుగు ట్రేలో కాయ మెత్తబడిందని హమాలీకి చెయ్యి పెడితే తెలుస్తుంది. అతను ఆ సంగతి ఎక్కడ రాస్తాడు?

ఖాళీ లారీలంటారా, టమాటా దించిన బండికి మదనపల్లె వైపు వెళ్లే సరుకుండాలి కదా. లేని లోడును ఏ సాఫ్ట్‌వేరూ పుట్టించదు.

పనిచేసే చోట ఇది పనిచేస్తుంది. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ రేవు 2018లో ఐబీఎంతో కలిసి 42 కిలోమీటర్ల మేర ఇలాంటిదే తలపెట్టింది. నీటిమట్టం, గాలి వివరాలు సెన్సర్లు చెబితే, ఓడ ఎప్పుడు లోపలికి రావాలో చూసుకోవచ్చని. అక్కడ రేవు నడిపేది ఒకే సంస్థ. మన మార్కెట్లో లారీ ఒకరిది, సరుకు ఒకరిది, చీటీ ఇంకొకరిది.

అన్నట్టు, అదే బోయిన్‌పల్లిలో హైదరాబాద్ రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ టెక్నాలజీతో కట్టిన బయోగ్యాస్ ప్లాంటుంది. రోజుకు 10 టన్నుల కూరగాయల చెత్త నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు తీయొచ్చని లెక్క. ఆ చెత్తలో టమాటా ఎంత, వంకాయ ఎంత అని రోజూ తూచి రాస్తే, కవలకు అన్నప్రాశన అక్కడే చేయొచ్చు.