చీకటి గదిలో జ్యోతి ప్రజ్వలన

పోయిన ఆదివారం పొద్దున పేపరు మడత విప్పగానే ఒక పాంప్లెట్ జారి నా కాఫీలో పడింది. తీసి దులిపి చూశాను. మందపాటి ఆర్ట్ కార్డు. ముందువైపు బంగారు రంగు అక్షరాలు, వెనకవైపు నిగనిగలాడే నలుపు. "క్వాంటం వ్యాలీకి కూతవేటు దూరంలో! వంద శాతం వాస్తు! స్పాట్ రిజిస్ట్రేషన్!" మధ్యలో ఒక పరమాణువు బొమ్మ, ఎలక్ట్రాన్లు తిరగాల్సిన చోట నలభై అడుగుల రోడ్లు. కంపెనీ పేరు చెప్పను. వాళ్ళకి ఇప్పటికే ఒక కాఫీ ఇచ్చుకున్నాను, ఉచిత ప్రచారం కూడా ఎందుకు?

కింద ఉన్న నంబరుకి ఫోన్ చేసి, "కూతవేటు అంటే ఎన్ని కిలోమీటర్లండీ?" అని అడిగాను.

"మీరెంత గట్టిగా కూయగలరు సార్?" అన్నాడు అవతలి కుర్రాడు.

తప్పు పట్టలేం. అతని దగ్గర కనీసం ఒక కొలత ఉంది.

ఫోన్ పెట్టేలోపే మా బావమరిది లైన్లోకి వచ్చాడు. "బావా, చూశావా? క్వాంటం వచ్చేస్తోంది. నేను రెండు ప్లాట్లు తీసుకుంటున్నా. నువ్వు కూడా ఒకటి ఖాయం చేసెయ్."

"క్వాంటం అంటే ఏమిట్రా?"

"అదంతా మనకెందుకు బావా, ఈస్ట్ ఫేసింగ్!"

ఇన్నాళ్ళూ నేను అజ్ఞానంలో బతికాను. అతిచిన్న కణాల వింత ప్రవర్తనని పనిలో పెట్టే పరిశోధనకి కేంద్రం మొదలెట్టిన జాతీయ క్వాంటం మిషన్ వల్ల దేశం మీద పడిన ప్రభావం ఏమిటని పెద్దపెద్దవాళ్ళు సభలు పెట్టి, శాలువాలు కప్పుకుని, టిఫిన్లు చేసి చర్చిస్తుంటే, అదేదో మన బుర్రకి ఎక్కని సంగతి అనుకున్నాను. తీరా చూస్తే ప్రభావం నా కాఫీలో తేలుతోంది. దాన్ని గజాల్లో కొలవచ్చు.

లెక్క మొదటినుంచీ గట్టిదే. 2020 ఫిబ్రవరి బడ్జెట్‌లో క్వాంటం టెక్నాలజీకి ఐదేళ్ళలో 8000 కోట్లు అన్నారు. మనం చప్పట్లు కొట్టాం. ఆ తర్వాత మూడేళ్ళు ఆ మాట ఎక్కడుందని అడగకూడదు. క్వాంటం కదా, తొంగి చూస్తే స్థితి మారిపోతుంది. 2023 ఏప్రిల్ 19న కేంద్ర మంత్రివర్గం దాన్ని జాతీయ క్వాంటం మిషన్ పేరుతో ఆమోదించేసరికి అది ఎనిమిదేళ్ళకి 6003.65 కోట్లయింది. ఏడాదికి 1600 కోట్లు అనుకున్నది 750 కోట్లకి దిగిందన్నమాట. మనం మళ్ళీ చప్పట్లు కొట్టాం. నాకు మాత్రం చివర్లో ఉన్న ఆ 65 మీద మనసుపోయింది. ఆరువేల కోట్లని చెప్పి ఊరుకోలేదు మహానుభావులు, పైన మూడు కోట్ల అరవై ఐదు లక్షల దాకా తేల్చారు. ఆ 65 లక్షలు దేనికి అయ్యుంటాయా అని రాత్రంతా ఆలోచించాను. బొకేలకి అని నా అనుమానం.

ఆ డబ్బుతో నాలుగు కేంద్రాలు పెట్టారు. కంప్యూటింగ్ బెంగళూరు ఐఐఎస్సీకి, కమ్యూనికేషన్ మద్రాసు ఐఐటీకి, సెన్సింగ్ బొంబాయి ఐఐటీకి, పదార్థాలూ పరికరాలూ ఢిల్లీ ఐఐటీకి. వీటన్నిటిలో నాకిష్టమైన ముక్క వెలుగుతో చేసే పని. లేజర్ కాంతిని తగ్గించి తగ్గించి, ఒక్కొక్క వెలుగు కణంగా, అంటే ఫోటాన్‌గా పంపి, దాని మీద రహస్యం మోయిస్తారు. మధ్యలో ఎవడైనా దొంగచాటుగా కొలిస్తే ఆ ఫోటాన్ చెడిపోతుంది, దొంగ దొరికిపోతాడు. ఎంత అందమైన ఆలోచన! 2022లో డీఆర్‌డీవో, ఢిల్లీ ఐఐటీ కలిసి ప్రయాగ్‌రాజ్ నుంచి వింధ్యాచల్‌కి, వంద కిలోమీటర్ల పైచిలుకు, మామూలు టెలికాం ఫైబర్‌లోనే ఇలా రహస్య సందేశానికి వేసే తాళంచెవి పంపి చూపించారు. 2025 జూన్‌లో వాళ్ళే ఢిల్లీ క్యాంపస్‌లో ఫైబర్ కూడా లేకుండా, కిలోమీటరు దూరం గాలిలోంచి, జంట ఫోటాన్లతో పంపారు. వేగం సెకనుకి సుమారు 240 బిట్లు. నవ్వకండి, నిజంగా కష్టమైన పని. కాకపోతే మా బావమరిది రోజూ పంపే గులాబీల గుడ్ మార్నింగ్ బొమ్మ, వంద కేబీ అనుకుందాం, దాన్ని ఈ పద్ధతిలో బిట్టుకి బిట్టు తాళం వేసి పంపాలంటే ఒక్క తాళంచెవికే దాదాపు గంట పడుతుంది. ఈ టెక్నాలజీ తక్షణం దేశమంతా అమల్లోకి రావాలని నేను గట్టిగా కోరుకోవడానికి అదే కారణం.

ఇక పాంప్లెట్‌లో అణువుల మధ్య మెరిసిన ఆ వ్యాలీ సంగతి. 2025 మేలో ఐబీఎం, టీసీఎస్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి అమరావతి క్వాంటం వ్యాలీలో 156 క్యూబిట్ల, అంటే క్వాంటం బిట్ల, కంప్యూటర్ యంత్రం పెడతామని ప్రకటించాయి. మంచిదే, నాకేం కడుపుమంట లేదు. అయితే ఆ యంత్రం పనిచేసేది వెలుగుతో కాదు, కరెంటుకి అడ్డు లేకుండా పోయేంత చల్లబరిచిన సూపర్ కండక్టర్లతో. ఈ తేడా పాంప్లెట్ కుర్రాడికి చెబితే, "రెండూ మన వెంచర్‌కి దగ్గరే సార్" అన్నాడు.

వెలుగు సంగతి నాకు ఇంత తెలియడానికి కారణం మా అక్క కూతురు. ఒక పెద్ద సంస్థలో క్వాంటం ఆప్టిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. సంస్థ పేరు అడగొద్దు, పిల్లకి ఇంకా థీసిస్ మీద సంతకాలు కావాలి. ఆమె రాత్రి పదకొండుకి ల్యాబ్‌లోకి వెళ్ళి తెల్లవారుజామున నాలుగుకి బయటికొస్తుంది. పగలైతే రోడ్డు మీద లారీలకి, పక్క గదిలో లాగే కుర్చీలకి లేజర్ దారిలో పెట్టిన అద్దాల అలైన్‌మెంట్ కదిలిపోతుందట. ఆ గది చీకటిగా ఉండాలి. కరెంటు పోయినప్పటి చీకటి కాదు, వండిన చీకటి. కిటికీలకి నల్లగుడ్డ, తలుపు సందుకి నల్లటేపు, ఆఖరికి స్టెబిలైజర్ మీద వెలిగే ఆకుపచ్చ బుడ్డి లైటుకి కూడా ఒక ముసుగు. ఎందుకంటే అక్కడి డిటెక్టర్ ఒక్క ఫోటాన్ తగిలినా టిక్కుమంటుంది. అది ఆన్‌లో ఉండగా గది లైటు వేస్తే పాడైపోయే రకం. కొత్తది కొనాలంటే లక్షలు, దాని ఫైలు కదలాలంటే ఏడాది.

అలాంటి గదికి ఒకరోజు ముఖ్య అతిథి వచ్చారు.

ఈ కథ నాకు ఆమె మూడుసార్లు చెప్పింది, నేను ముప్ఫైసార్లు చెప్పాను, ఇప్పుడు మీకు. ముందురోజే ప్రోటోకాల్ ఆయన వచ్చి గది చూసి కంగారుపడ్డాడు. "సార్ వస్తుంటే చీకట్లో నిలబెడతారా? ట్యూబులైట్లు అన్నీ వేయించండి." తర్వాత ఎర్ర తివాచీ వచ్చింది, దానితోపాటు పదేళ్ళ దుమ్ము వచ్చింది. ఆ తర్వాత వచ్చింది అసలుది. నిలువెత్తు ఇత్తడి కుంది, ఐదు వత్తులు, కిలో నువ్వులనూనె. ప్రయోగశాలని జ్యోతి ప్రజ్వలనతో ప్రారంభించాలి కదా! కుందిని ఎక్కడ పెట్టాలి? గదిలో అన్నిటికంటే సమంగా, ఇసుమంత కూడా కదలకుండా ఉన్నది ఏదో అటెండరు వెంటనే కనిపెట్టాడు. గాలి తిత్తుల మీద తేలుతూ ఉండే ఆప్టికల్ టేబుల్! అద్దాలూ క్రిస్టల్ ఉన్న ఆ బల్ల మీద కుంది పెట్టించబోతే మా పిల్ల అడ్డంగా నిలబడిందట. చివరికి రాజీ కుదిరింది. కుంది బల్ల పక్కన, బంతిపూలు బల్ల మీద.

ఒక దీపపు వత్తి సెకనుకి విడిచే, కంటికి కనిపించే ఫోటాన్లు, అటూ ఇటూగా ఒకటి పక్కన పదిహేడు సున్నాలు. వత్తులు ఐదు. ఒక్క ఫోటాన్‌ని లెక్కపెట్టడానికి జాతి కట్టుకున్న గది అది.

అతిథిగారు వెలిగించారు. ఫ్లాషులు మెరిశాయి. "ఏదీ, ఫోటాన్ చూపించండి" అన్నారు.

"అది డిటెక్టర్‌లో పడగానే పోతుంది సార్" అంది మా పిల్ల.

"పోతుందా? రికవరీ లేదా?"

ఆమె ఓపిగ్గా వివరించింది. ఊదారంగు లేజర్ ఈ క్రిస్టల్ గుండా వెళ్తుంది సార్, ఎప్పుడో ఒకసారి ఒక ఫోటాన్ చీలి కవలలు పుడతాయి, ఒక్కోదానికి శక్తి సగం. ఆయనకి సగం వినపడలేదు. "ఒకటి రెండవుతుందా? శభాష్!" అన్నారు. పక్కనున్న పీఏ రాసుకున్నాడు. మర్నాడు పత్రికా ప్రకటనలో వెలుగు ఉత్పత్తిని రెట్టింపు చేసిన యువ శాస్త్రవేత్తలు అని వచ్చింది.

ఇక క్లైమాక్స్ వినండి. దీపాలూ ట్యూబులైట్లూ వెలుగుతుంటే డిటెక్టర్ పాడవుతుందని ఆమె ముందే దాని ముఖానికి మూత బిగించేసింది. ఒక్క ఫోటాన్ కూడా లోపలికి పోదు. కానీ డిటెక్టర్ అన్నాక దాని సొంత సొద కొంత ఉంటుంది. వేడికి దానంతట అదే సెకనుకి వందో రెండొందలో టిక్కులు కొడుతుంది. ల్యాబ్‌లో వాటిని డార్క్ కౌంట్స్ అంటారు. స్క్రీన్ మీద ఆ అంకెలే 180, 204, 191 అని కదులుతున్నాయి. అతిథిగారు కళ్ళజోడు సర్దుకుని చూశారు. "ఆహా! ఎంత చక్కగా వస్తున్నాయి!" అని చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. మూత బిగించిన డిటెక్టర్‌కి శాలువా ఒక్కటే తక్కువ.

అప్పట్నుంచి నాకు ఏ పత్రికా ప్రకటన చదివినా ముందు మూత ఎక్కడుందా అని చూడబుద్ధవుతుంది.

వాళ్ళు వెళ్ళాక అద్దాల మీద నూనె పొగ, దుమ్ము. కొత్తగా రెండు అద్దాలకి ఇండెంటు పెడితే కొనుగోళ్ళ కమిటీలో ఒకాయన, "అరచేతంత అద్దానికి ఇంత ధరా? మా బీరువాకి నిలువుటద్దమే ఇంతకి రాలేదు" అన్నాడట. ఎల్-1 ఎవడు, తక్కువ ధర ఎవడు చెప్పాడు అన్నదే ప్రశ్న. 2025 జూన్‌లో కేంద్రం శాస్త్ర పరికరాల కొనుగోలు నిబంధనలు కొంత సడలించింది, ఆ మాట ఒప్పుకోవాలి. కమిటీలో కూర్చున్న మనుషుల్ని సడలించే జీవో మాత్రం ఇంకా రాలేదు. మళ్ళీ అలైన్‌మెంట్ కుదరడానికి మూడు వారాలు పట్టింది.

ఈ మూడు వారాలూ ఆమె ఏం తిందో తెలుసా? ఫెలోషిప్ అప్పటికి నాలుగు నెలలుగా రాలేదు. జేఆర్‌ఎఫ్ అనే ఆ ఫెలోషిప్ నెలకి 37,000 రూపాయలు, అదీ స్కాలర్లు రోడ్డెక్కాక 2023 జనవరి నుంచి పెరిగిన లెక్క. మెస్ బిల్లు రూమ్మేట్ కట్టింది. మా అక్క చీటీ పాడి పంపింది. ఆఫీసులో అడిగితే "పైనుంచి రావాలి" అన్నారు. ఎంత పైనుంచి? ఉపగ్రహం నుంచా? 2000 కిలోమీటర్ల దూరం ఉపగ్రహం మీదుగా రహస్యాలు పంపుతామని మిషన్ పత్రంలో రాసుకున్నారే, ఆ రహస్యం పంపే పిల్లకి ఢిల్లీ నుంచి 37 వేలు నాలుగు నెలల్లో చేర్చలేకపోయారా? సిగ్గనిపించదా? తివాచీ అద్దె అదే రోజు కట్టారు. కుంది అద్దె కట్టారు. ఫ్లెక్సీ వాడికి అడ్వాన్స్ ఇచ్చారు. ఫ్లెక్సీ మీద ఎవరి బొమ్మ వేశారో తెలుసా, సత్యేంద్రనాథ్ బోస్‌ది! 1924లో ఢాకాలో పాఠాలు చెప్పుకుంటూ, డాక్టరేట్ కూడా లేకుండా, వెలుగు కణాల్ని ఎలా లెక్కపెట్టాలో నాలుగు పేజీల్లో రాసి ఐన్‌స్టీన్‌కి పంపిన మనిషి. ఐన్‌స్టీన్ దాన్ని జర్మన్‌లోకి స్వయంగా అనువదించి అచ్చు వేయించాడు. ఎన్ని ఉద్యోగాలొస్తాయి అని అడగలేదు.

మా పిల్లని అడిగారు. ఏడాది చివర ప్రభావ నివేదిక అని ఒక ఫారం పంపారు. "మీ పరిశోధన వల్ల లబ్ధి పొందిన రైతుల సంఖ్య, మహిళల సంఖ్య, సృష్టించిన ఉద్యోగాలు." మొన్న అర్ధరాత్రి ఫోన్ చేసింది.

"మామయ్యా, మహిళల కాలమ్‌లో ఒకటి వేసి నా పేరు రాయనా?"

"ఫెలోషిప్ వచ్చిందా అమ్మా?"

"రెండు నెలలది వచ్చింది."

"అయితే సగం మహిళ అని రాయి."

నవ్వింది. వెనకాల పంపు మోత వినిపిస్తోంది. కౌంట్స్ సరిగా లేవట, ఎక్కడినుంచో వెలుగు లీకవుతోందని, చివరికి చూస్తే స్టెబిలైజర్ ముసుగు ఊడిపోయిందని చెప్పింది. నల్లటేపు అయిపోయింది, స్టోర్స్‌లో అడిగితే ఇండెంటు పెట్టమన్నారు.

"అట్ట లాంటిది ఏదైనా ఉంటే బాగుండును మామయ్యా, ఒకవైపు నల్లగా."

నేను లేచి వెళ్ళి పాంప్లెట్ చూశాను. మర్నాడు ఆ ఊరే వెళ్తున్న బావమరిది చేతికిచ్చి పంపాను, స్థలం చూడ్డానికి వచ్చిన పార్టీ అనుకుని వాచ్‌మన్ అతన్ని లోపలికి కూడా వదిలాడట. అట్టని రెండుగా మడిచి, నలుపు లోపలికి పెట్టి, అన్నం మెతుకులతో అతికించింది పిల్ల. కాఫీ మరక ఉన్న వైపు బయటికి.

రాత్రి రెండింటికి మెసేజ్ వచ్చింది. "నాయిస్ సగానికి సగం తగ్గింది మామయ్యా. ఇంకో పాంప్లెట్ ఉందా?"