ప్లస్ మూడు గడప దాటని బోరాన్ గారికి

మహారాజశ్రీ బోరాన్ గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

ఎలక్ట్రాన్లు చేతులు మారే ప్రతి పెళ్ళికీ శుభలేఖ మీద మీ పేరుంటోంది. చదివింపుల పుస్తకం తిరగేస్తే మాత్రం మీ పద్దు ఎక్కడా కనపడదు.

సోడియం బోరోహైడ్రైడ్ సంగతే చూడండి. క్షయకరణి, అంటే ఎలక్ట్రాన్లిచ్చేది, అని సీసా మీద ఘనమైన పేరు. హైడ్రోజన్ రుణవిద్యుదాత్మకత, అంటే ఎలక్ట్రాన్లని తనవైపు లాక్కునే బలం, 2.20; మీది 2.04. అంటే ఆక్సీకరణ స్థితి లెక్కలో (ఎలక్ట్రాన్ దక్కితే ఒకటి తగ్గుతుంది, పోతే ఒకటి పెరుగుతుంది) ఆ నాలుగు హైడ్రోజన్లూ -1, అంటే హైడ్రైడ్లు; మీరు +3. కీటోన్ అనే కర్బన సమ్మేళనానికి ఎలక్ట్రాన్ జంట మోసుకెళ్ళేది హైడ్రైడ్. పనయ్యాక బోరేట్ రూపంలో మిగిలిన మీరు మళ్ళీ +3. సొమ్మొకడిది, సోకొకడిది!

లెక్క ప్రకారం ఒక మోల్ బోరోహైడ్రైడ్, అంటే సుమారు 38 గ్రాములు, నాలుగు మోళ్ళ కీటోన్‌కి సరిపోవాలి. కానీ మిథనాల్‌లో పడగానే అందులో కొంత దానితోనే చర్య జరిపి హైడ్రోజన్‌ని గాలికొదిలేస్తుంది. అందుకే ఫ్లాస్క్‌ని మంచులో పెట్టి, కొద్దికొద్దిగా, లెక్క కన్నా ఎక్కువే వేయాలి. చివర్లో మిగిలినదాని మీద తొందరపడి ఆమ్లం గుమ్మరిస్తే అంతా పొంగి బల్ల మీదే. 38 గ్రాములూ విరిగితే దాదాపు 90 లీటర్ల హైడ్రోజన్ మరి. మూత బిగించారో, ఫ్లాస్క్ కూడా దక్కదు.

ఇదే బోరోహైడ్రైడ్‌కి అయోడిన్ తగిలిస్తే డైబోరేన్ (B2H6). అయోడిన్ సున్నా నుంచి -1కి దిగింది. కొన్ని హైడ్రైడ్లు -1 నుంచి సున్నాకెక్కి వాయువైపోయాయి. తమరు? +3. అందులోనూ చాలీచాలని సంసారం: ఈథేన్‌లా నిలబడాలంటే 14 ఎలక్ట్రాన్లు కావాలి, ఉన్నవి 12. నాలుగు జంటలు అంచు హైడ్రోజన్లకి పోగా, మిగిలిన రెండు జంటల్లో ఒక్కొక్కటీ మూడేసి పరమాణువుల్ని మోస్తోంది. అంచు బంధం 119 పికోమీటర్లు, వంతెన బంధం 133. దుప్పటి ఎంత లాగారో తెలుస్తూనే ఉంది. (ఈ పొదుపుకి మాత్రం నిజంగానే దణ్ణం.)

ఇక బట్టల మరకలు వదిలించే సోడియం పెర్‌బోరేట్. పర్మాంగనేట్‌లో మాంగనీస్ నిజంగానే +7కి ఎక్కింది కదా, ఆ 'పెర్' చూసి మీరూ మెట్లెక్కారనుకుంటారు పిల్లలు. ఎక్కలేదు. మీ పక్కన రెండు ఆక్సిజన్లు చేతులు పట్టుకున్నాయి, అంతే. మరక వదిలించేది ఆ పెరాక్సైడ్. అదీ వేణ్ణీళ్ళలోనే, చన్నీళ్ళ బకెట్‌లో ఉత్తినే వేస్తే మరక మొండికేస్తుంది.

లోహాన్ని రంగుతో పోల్చుకునే వెలిగారం (మీ సోడియం లవణమే) పూస పరీక్షలోనూ అంతే. ప్లాటినం తీగ చుట్ట మీద పొంగి, నీరు పోయి, గాజుపూసవుతారు. రాగి లవణం రవ్వంత అద్దితే ఆక్సీకరణ జ్వాలలో కాలి చల్లారాక నీలం, క్షయకరణ జ్వాలలో మసక ఎరుపు. స్థితి మార్చుకున్నది రాగి. అద్దింది ఎక్కువైతే పూస నల్లబడి ఏ రంగూ తేలదు, ఆ మాటా మీకు పడదు.

అవును, బోరాన్ ట్రైఆక్సైడ్‌ని మెగ్నీషియంతో కలిపి కాలిస్తే సున్నాకి దిగుతారు, ఒప్పుకుంటాం. అప్పుడు కూడా ఆ గోధుమరంగు పొడిలో బోరైడ్లని, అంటే లోహంతో మీరు కట్టిన సమ్మేళనాల్ని, వెంటేసుకునే వస్తారు.

ఇట్లు,
ఖర్చు భరించిన హైడ్రైడ్ల తరఫున