పద్దెనిమిది వేలే తిరిగిన కారంటే నాకు భయం

మా వైపు పాత కారు అమ్మేవాళ్లు మొదట చెప్పేది మీటరు రీడింగ్. "2017 మోడల్ అండీ, పద్దెనిమిది వేలే తిరిగింది, ఒక్క చేతి బండి, ఎప్పుడూ ఇంట్లోనే ఉండేది" అంటారు. కొనేవాళ్ల ముఖం వెలిగిపోతుంది. నాకు మాత్రం ఆ "ఇంట్లోనే ఉండేది" అన్న ముక్క దగ్గరే అనుమానం మొదలవుతుంది. ఇన్నేళ్లలో పద్దెనిమిది వేలంటే ఆ బండి నెలల తరబడి అడుగు కదలలేదన్నమాట. రోజూ శ్రీకాకుళం నుంచి పలాస వెళ్లి వచ్చిన లక్ష కిలోమీటర్ల కారు పక్కనే ఉంటే, దానికి వేళకు సర్వీసింగ్ జరిగి ఉంటే, నేను దాన్నే ఎక్కుతాను. నవ్వేవాళ్లు నవ్వండి.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇలాంటి కార్లు ఎందుకిన్ని ఉన్నాయో అందరికీ తెలుసు. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో గల్ఫులోనో ఉంటారు. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే అమ్మానాన్నల కోసమని ఒక కారు కొని ఊళ్లో పెట్టి వెళతారు. నాన్నగారికి స్కూటరు అలవాటు, కారంటే జంకు. సోంపేట, టెక్కలి, బొబ్బిలి, ఎక్కడైనా సందుల్లో నడిచి చూడండి, గేటు లోపల కవరు కప్పుకున్న కారు ఒకటి కనిపిస్తుంది. సంక్రాంతికి కొడుకు దిగుతాడు. మర్నాడు పొద్దున్నే కవరు లాగి, దుమ్ము తుడిచి, బ్యాటరీ పడిపోయి ఉంటే నలుగురు కలిసి తోసి, ఐదు సీట్ల బండిలో ఏడుగురు ఎక్కి అరకు బయల్దేరతారు. నెలల పాటు నిలబడ్డ బండి మీద ఒక్కసారిగా పూర్తి బరువు, పూర్తి వేగం, ఆపైన ఘాట్ రోడ్డు. ఏడాది మొత్తంలో ఆ కారుకు అంతకంటే కష్టమైన రోజు లేదు. ఆ రోజుకు ముందు దాన్ని ఏ మెకానిక్కూ చూసి ఉండడు.

అడిగేవాళ్లు కూడా లేరు. ట్యాక్సీ అయితే ఎఫ్‌సీ, అంటే బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందన్న ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉంటుంది. తొలి 8 ఏళ్లు రెండేళ్లకోసారి, ఆపైన ఏటా దానికోసం తనిఖీకి వెళ్లాలి. మన సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ఇచ్చేస్తారు, అది తీరి మళ్లీ రెన్యువల్‌కు వెళ్లేదాకా దాని బ్రేకులు పట్టుతున్నాయో లేదో చూసే ప్రభుత్వోద్యోగి ఎవరూ ఉండరు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా అంటారేమో, అది చూసేది పొగను మాత్రమే. అంటే మనం ఈసడించుకునే డొక్కు ట్యాక్సీకి ఉన్నపాటి తనిఖీ కూడా మన ముద్దుల కారుకు లేదు.

టైర్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తిరగని కారు అందరినీ మోసం చేసేది అక్కడే. టైరు అరుగుదలకు చట్టం పెట్టిన హద్దు 1.6 మిల్లీమీటర్ల గాడి లోతు. గాడిలో అడ్డంగా చిన్న గట్లు ఉంటాయి, రబ్బరు అరిగి వాటితో సమానమైతే టైరు పని అయిపోయినట్టు. రోజూ తిరిగే బండికి ఈ గుర్తు చాలు. నిలబడ్డ బండి టైరుకు గాడి ఎప్పటికీ నిండుగానే కనిపిస్తుంది, అరిగితే కదా! ఈలోపు ఎండ, గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ కలిసి రబ్బరును లోపల్నుంచి గట్టిపరుస్తాయి. పక్క గోడల మీద వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి. అలాంటి టైరు ఊళ్లో పాతిక వేగంతో ఏమీ అనదు. హైవే మీద నిండు బరువుతో, వంద వేగంతో ఒక గంట పరుగెత్తి వేడెక్కిన తర్వాతే పై పొర లేచిపోవడమో పేలిపోవడమో జరుగుతుంది.

మరి వయసు తెలిసేదెలా? టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అన్న అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2217 అని ఉంటే 2017లో 22వ వారంలో తయారైందని అర్థం. ఆ నాలుగు అంకెలు ఒక్కోసారి టైరుకు ఒక వైపే ఉంటాయి, ఆ వైపు లోపలికి బిగించి ఉంటే కారు కిందికి తల పెట్టి చూడాలి. దసరాకు నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడానికి వంగుతాం కదా, ఆ అంకె చూడడానికీ అంతే వంగాలి. ఐదేళ్లు దాటిన టైరును ఏటా చూపించుకోవాలి. పదేళ్లు నిండితే గాడి ఎంత నిండుగా ఉన్నా తీసేయాలి, ఆరేళ్లకే మార్చమనే కార్ల కంపెనీలూ ఉన్నాయి. స్టెప్నీకీ ఇదే లెక్క. నరసన్నపేటలో టైర్ల కొట్టు నడిపే మా బావమరిది చెప్పేదేమిటంటే, పండగ రోజుల్లో పంక్చరై వచ్చే కార్లలో స్టెప్నీకి గాలి ఉన్న కారు దొరకడం అపురూపమట. కొన్నప్పుడు కంపెనీ పెట్టిన స్టెప్నీ డిక్కీలో అలాగే ఉంటుంది, దాని మీద బియ్యం బస్తా ఉంటుంది.

గాలి విషయంలో ఇంకో పాత మూఢనమ్మకం ఉంది. ఎండాకాలం హైవే ఎక్కేటప్పుడు గాలి రెండు మూడు పాయింట్లు తగ్గించి పెట్టించాలట, వేడికి పెరుగుతుంది కాబట్టి. ఇది నూటికి నూరు పాళ్లు తలకిందుల సలహా. గాలి తగ్గితే టైరు పక్క గోడ ప్రతి చుట్టుకూ ఎక్కువగా మడతపడి లేస్తుంది, ఆ మడత వల్లే ఎక్కువ వేడి పుడుతుంది. వేడికి గాలి కొంత పెరుగుతుందన్న సంగతి కంపెనీవాళ్లు లెక్కలో వేసుకునే అంకె ఇచ్చారు. డ్రైవరు తలుపు తెరిస్తే ఆ స్తంభం మీదో, పెట్రోలు మూత వెనకో చీటీ అతికించి ఉంటుంది. అందులో ఇద్దరు ముగ్గురికి ఒక అంకె, నిండు బరువుకు వేరే అంకె ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు, అంటే బండి రెండు మూడు కిలోమీటర్లకు మించి నడవకముందే కొలవాలి. కదలకపోయినా టైరు నెలకు ఒకటి రెండు పాయింట్ల గాలి పోగొట్టుకుంటుంది. ఆరు నెలలు నిలబడ్డ కారును అలాగే తీసుకుని టోల్‌గేటు దాటినవాణ్ని ధైర్యవంతుడు అనాలో ఇంకేమనాలో మీరే చెప్పండి.

బ్రేక్ ఆయిల్ గురించి అడిగితే ఎక్కువమంది "లెవెల్ సరిగ్గానే ఉంది" అంటారు. లెవెల్ ఉండడం వేరు, పనికి రావడం వేరు. ఆ ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. మన కార్లలో మామూలుగా వాడే డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టిన తర్వాత ఆ ప్రమాణం 155 డిగ్రీలకు పడిపోతుంది. మామూలు రోడ్డు మీద ఈ తేడా తెలియదు. శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు వెళ్లి, ఏడుగురితో తిరిగి ఘాట్ దిగుతూ మలుపు మలుపుకూ బ్రేకు తొక్కుతూ వస్తే తెలుస్తుంది. వేడికి పైపులో ఆయిల్ మరిగి ఆవిరవుతుంది, ఆవిరి నొక్కుకుపోతుంది, పెడల్ కింద నేల తగులుతుంది, బండి మాత్రం ఆగదు. అందుకే కిలోమీటర్లతో నిమిత్తం లేకుండా రెండేళ్లకోసారి దాన్ని పూర్తిగా మార్చమంటారు. ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులోనో మూడో గేరులోనో ఉంచి ఇంజనే బండిని పట్టి ఉంచేలా దిగాలి. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలేవాళ్లను, అంతకు మించి ఇంజనే ఆపేసేవాళ్లను నేను కళ్లారా చూశాను. ఇంజన్ ఆగితే బ్రేకుకు దన్ను పోతుంది, స్టీరింగ్ రాయిలా బిగుసుకుంటుంది. వాళ్లకు మిగిలేది టీ ఖర్చు.

ఇక ఆదివారం పొద్దున్న నాన్నగారు చేసే ముచ్చట. కవరు తీసి, సెల్ఫ్ కొట్టి, వాకిట్లోనే పది నిమిషాలు ఇంజన్ తిప్పి, నాలుగుసార్లు ఎక్సలేటర్ రైజ్ చేసి ఆపేస్తారు. కొడుక్కి ఫోను చేసి "బండి స్టార్ట్ చేస్తున్నానురా, కండిషన్‌లో ఉంది" అని చెబుతారు. పాపం, మంచి ఉద్దేశమే. కానీ సెల్ఫ్ తీసుకున్న కరెంటు ఆ పది నిమిషాల్లో బ్యాటరీకి పూర్తిగా తిరిగి చేరదు. ఇంధనం మండినప్పుడు నీటి ఆవిరి కూడా పుడుతుంది, సైలెన్సర్ సరిగ్గా వేడెక్కకపోతే ఆ నీరు లోపలే నిలిచి తుప్పు పట్టిస్తుంది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 పొగ ప్రమాణాల డీజిల్ బండ్లకు పొగలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది, అది తనను తాను శుభ్రం చేసుకోవాలంటే రోడ్డు మీద కాసేపు ఆగకుండా పరుగెత్తాలి. వాకిట్లో నిలబెట్టి తిప్పితే ఇంకా మూసుకుపోతుంది. మూసి ఉన్న షెడ్డులో తిప్పేవాళ్లయితే దయచేసి ఇవాళే మానేయండి, రంగూ వాసనా లేని విషవాయువు మనిషిని నిలువునా తీస్తుంది. రెండు వారాలకోసారి అరగంట సేపు రోడ్డు మీద నడపడం వీటన్నిటికీ సరిపోతుంది. నడపలేకపోతే స్టార్ట్ చేయకుండా వదిలేసినా నష్టం తక్కువ.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. నెలల పాటు నిలబెట్టే బండికి హ్యాండ్‌బ్రేకు లాగి ఉంచకండి, పట్టేస్తుంది. గేరులో పెట్టి చక్రాలకు రాయి అడ్డం పెట్టండి. కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి బండి అడుగు భాగం, బ్రేకు పైపులు ముందు పోతాయి, పైన మెరుస్తూనే ఉంటుంది. ప్లాస్టిక్ కవరు తేమను లోపలే బంధిస్తుంది, గాలి ఆడే గుడ్డ కవరు కొనండి. వైరింగ్ కొరికే ఎలుకల గురించి కొత్తగా చెప్పేదేముంది. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటినప్పటి వాన మీకు గుర్తుండే ఉంటుంది, మళ్లీ అలాంటిది వచ్చి కారు నీళ్లలో మునిగితే ఆత్రంగా సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్లలో నీరుంటే ఇంజన్ లోపలి రాడ్లు వంగిపోతాయి.

సీటు బెల్టు దగ్గర నాకు నిజంగా కోపం వస్తుంది. అమ్మానాన్నల కారుకు ముందుగా కొనేది సీటు కవర్లు. ఆ కవర్ల కింద వెనక సీటు బెల్టును దూర్చి బిగించే గుబ్బలు శాశ్వతంగా సమాధి అయిపోతాయి. సీటు పక్కనుంచి తెరుచుకునే ఎయిర్‌బ్యాగులున్న కారుకైతే సరిపడని కవరు వాటికే అడ్డం పడుతుంది. వెనక కూర్చున్నవాళ్లకు బెల్టు తప్పనిసరి, పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని చట్టంలో ఉంది. టాటా సంస్థల మాజీ అధిపతి సైరస్ మిస్త్రీ 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర పోయింది ఖరీదైన కారు వెనక సీటులోనే, బెల్టు లేకుండా. అదే కారులో ముందు కూర్చుని బెల్టు పెట్టుకున్న ఇద్దరూ బతికారు. ఆ వారం అంతా మన ఊళ్లలో అదే చర్చ, పై వారానికి మళ్లీ కవర్లే. బెల్టు పెట్టుకోమని కారు చేసే మోత రాకుండా గుబ్బలో దూర్చే ఉత్త క్లిప్పులు అమ్మేవారు గుర్తుందా? వాటిని తీసేయమని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆన్‌లైన్ దుకాణాలను ఆదేశించాల్సి వచ్చింది. ముందు సీటులో పిల్లవాణ్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునే అమ్మమ్మలకు, మామ్మలకు ఎవరో ఒకరు చెప్పండి, ఎయిర్‌బ్యాగు రెప్పపాటులో తెరుచుకుంటే దానికీ పెద్దవాళ్లకూ మధ్య నలిగేది ఆ పసివాడే. ఆ 2017 మోడల్ లాంటి పాత బండ్లలో పక్క సీటుకు ఎయిర్‌బ్యాగే ఉండకపోవచ్చు. అన్ని కార్లలోనూ అది తప్పనిసరైంది 2022 జనవరి నుంచే.

రాత్రి ప్రయాణాల సంగతి శ్రీకాకుళం జిల్లావాళ్లకు వేరే చెప్పాలా? 2012 నవంబరు 2న తెల్లవారకముందే రణస్థలం మండలంలో కారు ట్యాంకరును ఢీకొని ఎర్రన్నాయుడు గారు పోయారు. కేంద్రమంత్రిగా చేసిన మనిషి, తన సొంత జిల్లా రోడ్డు. పండగ ముందు రోజుల్లో పల్లెల రోడ్ల మీద సగం మేర ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి. నెలల దుమ్ము పట్టిన అద్దం, ఎండిపోయిన వైపర్ రబ్బరు, మసకబారిన హెడ్‌లైట్లతో ఆ రాళ్లు కనిపించేది వాటి మీదికి ఎక్కిన తర్వాతే. పైగా తెల్లవార్లూ బస్సులో వచ్చిన కొడుకే స్టీరింగ్ పట్టుకుంటాడు.

ఇదంతా చెబితే నాకు వచ్చే జవాబు ఒక్కటే. "రాత్రివేళ నాన్నకు గుండెలో నొప్పి వస్తే ఇంట్లో బండి ఉండాలి కదండీ." న్యాయమైన మాట. అందుకే అడుగుతున్నాను, రెండు నెలలుగా రోడ్డెక్కని బండి ఆ రాత్రి స్టార్ట్ అవుతుందా? అయినా నడిపేదెవరు? నొప్పి వచ్చిన నాన్నగారేనా? ముందు 108కి ఫోను చేయాలి. కారు కూడా ఉండాలంటే నడిపే మనిషి ఉండాలి. మీ వీధిలో లైసెన్సు ఉన్న కుర్రాడు ఒకడు ఉండే ఉంటాడు. అతనికి నెలకు కొంత డబ్బిచ్చి, రెండు వారాలకోసారి బండిని హైవే మీద అరగంట తిప్పి, గాలి కొట్టించి తెమ్మనండి. కార్తీకంలోనే మెకానిక్‌కు చూపించమనండి, భోగి ముందు రోజు వెళితే ఎవరూ ముట్టుకోరు. బండి తాళం పరాయి కుర్రాడి చేతికివ్వడానికి నాన్నగారు ఒప్పుకుంటారా అన్నది మాత్రం నేను తీర్చే తగువు కాదు, మీ ఇంట్లో మీరు పడండి.