వెనక చక్రం కుడివైపు పుల్ల గారికి

మహారాజశ్రీ నా సైకిలు వెనక చక్రం కుడివైపు పుల్ల గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే తమరు కుశలంగా లేరు, తమ దయవల్ల నేనూ లేను. ఆదివారం పొద్దున నంది కొండ దిగి, దేవనహళ్లి దాటి, వెనక గాలి సాయంతో హుషారుగా వస్తుంటే 'టింగ్' అన్నారు. అంతే. రింగు ఎడమకి ఒరిగి, చుట్టుకోసారి బ్రేకు ప్యాడ్‌కి రాసుకుంటూ సుయ్ సుయ్‌మని ఏడవడం మొదలెట్టింది. బ్రేకు వదులు చేసి కాసేపు తొక్కాను, కాసేపు నడిపించాను. హెబ్బాళ దగ్గర క్యాబ్ డ్రైవర్ సైకిల్ని చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు. తంటాలుపడి మారతహళ్లి చేరేసరికి షాపులో మెకానిక్ భోజనానికి వెళ్లాడు. ఆ భోజనం నాలుగింటిదాకా సాగింది. ఏం తిన్నాడో మరి.

నా బరువు గురించి ఎవరూ నోరెత్తొద్దు. ముందు చక్రం మీదా నేనే కూర్చుంటున్నాను, దాని పుల్ల ఒక్కటీ పోలేదు.

తమరు విరిగిన చోటు చూశాను. నడుం దగ్గర కాదు, మర చుట్లున్న చివర కాదు. చక్రం నడిమధ్యన ఉండే హబ్బు కన్నంలోంచి బయటికొచ్చి వంగే ఆ మోచేతి దగ్గర, కత్తితో కోసినట్టు తెగారు. తెగిన ముక్కని వెలుతురులో పెట్టి చూస్తే సగం నల్లగా మాసిపోయి ఉంది, సగం తళతళా మెరుస్తోంది. అంటే తమరు ఆదివారం పోలేదు. చాన్నాళ్లుగా పోతూనే ఉన్నారు, ఆదివారం కబురు పెట్టారంతే. ఆ కబురేదో ఇంటి దగ్గర ఉన్నప్పుడు పెట్టకూడదా?

తమ కష్టాలు నాకు తెలియనివి కావు. నేలని తాకే చోటికి వచ్చిన పుల్ల బిగువు కాస్త సడలుతుంది, దాటగానే మళ్లీ బిగుస్తుంది. చుట్టుకోసారి ఈ సేవ. 700 సైజు చక్రం కిలోమీటరుకి సుమారు 470 సార్లు తిరుగుతుంది కాబట్టి, వంద కిలోమీటర్లు పోయి వస్తే 47 వేల సార్లు. గట్టిగా బిగించిన పుల్లకి ఇదొక లెక్క కాదు. వదులుగా ఉన్నది మాత్రం ప్రతి చుట్టుకీ పూర్తిగా జారిపోయి, మోచేతి దగ్గర కదిలి కదిలి, చిన్నప్పుడు మనం ఇనుప తీగని అటూ ఇటూ వంచి తెంపినట్టే తెగుతుంది. దానికితోడు తమ పక్క పదకొండు పళ్లచక్రాలు పేర్చారు. వాటికి చోటివ్వడానికి హబ్బు కుడి అంచుని లోపలికి నెట్టారు. ఎడమవైపు వాళ్లు హాయిగా ఏటవాలుగా చేరగిలబడితే, తమరు దాదాపు నిటారుగా నిలబడి, రింగుని మధ్యలో ఉంచడానికి ఇంచుమించు రెట్టింపు బిగువుతో లాగాలి. అన్యాయమే, కాదనను. ఆ పైన మా అపార్ట్‌మెంట్ గేటు ముందు రంగు వెయ్యని స్పీడ్ బ్రేకర్, ఔటర్ రింగ్ రోడ్డు గుంతలు, సరిగ్గా తమ మోచేతుల దగ్గరే గీతలు పెట్టే గొలుసు. అన్నీ ఒప్పుకున్నాను.

నా బాధ అసలు తమరితో కాదండీ. ఆ 'ఏనూ ఆగల్ల'తో, అదే, కన్నడంలో 'ఏమీ కాదు'తో.

దసరా ముందు తమ పక్కాయన పోయాడు గుర్తుందా? అప్పుడూ ఇదే షాపు. మొత్తం చక్రం చూడమన్నాను. "ఒందే హోగిరోదు సార్, ఒందే హాక్తీని. ఏనూ ఆగల్ల" అన్నాడు మెకానిక్. పోయింది ఒకటే, వేసేదీ ఒకటే అని. క్యాసెట్, అంటే ఆ పళ్లచక్రాల దొంతర, విప్పే పనిముట్టు ఎవరో పట్టుకెళ్లారట. విప్పకుండానే కొత్త పుల్లని విల్లులా వంచి, వెనక నుంచి దూర్చి, బయటికి లాగి చేత్తో సరిచేశాడు. అదీ కుడివైపు కొలతది కాదు, ఎడమవైపుది. రెండు మిల్లీమీటర్లు ఎక్కువ. చెప్తే మళ్లీ అదే మంత్రం. చక్రం తిప్పాడు, రింగు ఊగడం లేదు కాబట్టి బెండు తీసేసినట్టే, డబ్బులు ఇవ్వండి.

ఊగకపోవడం, బిగువు సమంగా ఉండటం ఒకటేనా? ఇంటికొచ్చి కుడివైపు పుల్లల్ని ఒక్కొక్కటే వేలితో మీటాను. అన్నీ ఒకే శ్రుతిలో పలకాలి. ఒకటి ఖంగుమంది. పక్కది దబ్‌మంది. ఇంకొకటి అసలు పలకనే లేదు. అది తమరే. మర్నాడు వెళ్లి చెప్పాను కూడా. ఏమన్నాడో తమరికి వేరే చెప్పాలా?

బిగించాక పక్కపక్క పుల్లల్ని జతజతగా పట్టుకుని, చక్రం చుట్టూ చేత్తో గట్టిగా పిండాలి. వంపుల్లో దాగిన ఒత్తిడి అలా పిండితేనే దిగుతుంది. ఐదు నిమిషాలు పట్టదు. వాడు నా చక్రాన్ని పిండలేదు, నా జేబు పిండాడు.

ఇక నిన్నటి సంగతి. రెండు రకాల పుల్లలు బల్ల మీద పడేశాడు. ఒకటి ఈ చివర నుంచి ఆ చివరకి 2 మి.మీ. లావు. రెండోది చివర్లు 2, నడుం 1.8. నేను రెండోది తీసుకుంటే నవ్వాడు. "సన్నది ఎందుకు సార్, లావుది ఆగుతుంది." ఆగదు బాబూ! ఆ సన్న నడుం కాస్త సాగి దెబ్బ తాను తింటుంది, మోచేతి దాకా పోనివ్వదు. ఇంకా గట్టిది కావాలంటే తలవైపు 2.34, నడుం 1.8 ఉన్నది స్విట్జర్లాండ్ డీటీ స్విస్ కంపెనీ వాళ్లు చేస్తారు. పేరు చెప్పగానే "అంత రేటుకి సెకండ్‌హ్యాండ్ సైకిలే వస్తుంది" అన్నాడు. ఒక పుల్ల పోతే ఒక పుల్ల, నెల తిరిగితే ఇంకో పుల్ల, మధ్యలో ఎండన పడి నడిచేది నేను. వాడికేం పోయింది? ఒక్కసారైనా దేవనహళ్లి నుంచి నడిచాడా? నడిస్తే 'ఏనూ ఆగల్ల' అనేవాడా? మా బావమరిదేమో "బావా, ఎలక్ట్రిక్ స్కూటర్ తీసుకో" అంటాడు. వాడి మీద కోపం రాలేదు. అదీ నా పరిస్థితి.

కాబట్టి పుల్ల గారూ, హబ్బూ రింగూ ఉంచుకుని తమ బంధువర్గం 31 మందినీ కూడా దింపేస్తున్నాను. పని చేసేది వేరే షాపు. ఆయన చక్రాలు మాత్రమే కడతాడు. నా చక్రాన్ని ఒక్కసారి మీటి, ఏమీ అనకుండా క్యాసెట్ విప్పేశాడు. 31 మందిలో చాలామంది ఇంకా బాగానే ఉన్నారు, వానల్లో, గుంతల్లో, మా అబ్బాయిని వెనక ఎక్కించుకున్నప్పుడు కూడా మోశారు. వాళ్లకి నా నమస్కారాలు. కానీ తమరితో సమానంగా తిరిగారు కదా, ఎవరి మోచేతిలో పగులు ఎంతదాకా వచ్చిందో నేనెక్కడ చూసేది?

కొత్తవాళ్లు స్టెయిన్‌లెస్, వాళ్లని రింగుకి బిగించే నిపిల్స్ ఇత్తడివి. శనివారం చక్రం చేతికిస్తానన్నాడు. ప్రతి పుల్లా మీటి చూసి గానీ డబ్బు ఇవ్వను.

ఇట్లు,
తమరు మోయలేక వదిలేసినవాడు
మారతహళ్లి, బెంగళూరు

తా.క.: ఆ మెకానిక్ ఫోన్ చేశాడు. ఇంకో పుల్ల ఊరికే వేస్తాడట, రమ్మంటున్నాడు.